ఓమనగుంటల పీట కొంటున్నారా? పాలిష్ కాదు, గుంట చూడండి

సంక్రాంతి సెలవులకి పిల్లలు అమ్మమ్మగారింటికో మామ్మగారింటికో దిగేలోపు ఓ ఓమనగుంటల పీట (రెండు వరుసల్లో ఏడేసి గుంటలుండి, వాటిలో పిక్కలు పోసి ఆడే చెక్క) తెప్పించి ఉంచుదామనుకునేవాళ్ల కోసం ఇది. పాత పీటలు చాలా ఇళ్లలో అటక మీదే చెదలకి పోయాయి. మిగిలినవి పంపకాల్లో ఎవరో ఒకరి వాటాకి వెళ్లాయి. ఇప్పుడు ఆ పీట గానీ, అలాంటి పాత ఆట ఇంకోటి గానీ కొనాలంటే నాలుగు దారులున్నాయి: ఆన్‌లైన్‌లో వచ్చే మడత పీట, ఊళ్లో వడ్రంగి చేత చేయించుకునే ఏకచెక్క పీట, అచ్చు వేసిన అష్టాచెమ్మా గుడ్డ, అన్ని ఆటలూ ఒకే దాంట్లో అంటూ అమ్మే అయిదాటల పెట్టె. నాలుగింటినీ ఒకే కొలతతో చూశాం. డెబ్భై దాటిన చెయ్యీ, ఏడేళ్ల చెయ్యీ ఒకే పీట మీద గంటసేపు ఇబ్బంది లేకుండా ఆడగలవా? గిఫ్టు డబ్బా అందాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

తీర్పు ముందే చెప్పేస్తాం. డబ్బు పెట్టదగింది ఏకచెక్క పీట. మడత పీట కొన్ని షరతుల మీద పర్వాలేదు. గుడ్డ అక్కర్లేదు, సుద్దముక్క చాలు. పెట్టె మాత్రం వద్దు.

ఆన్‌లైన్‌లో వెతికేవాళ్లకి ఒక మాట. తెలుగు పేరుతో వెతికితే సరుకు తక్కువ కనపడుతుంది. తమిళులు దీన్నే పల్లాంగుళి అంటారు, కన్నడిగులు అళిగుళిమణె అంటారు. అష్టాచెమ్మా కన్నడ నాట చౌకాబార. అమ్మేవాళ్లు ఎక్కువగా ఆ పేర్లే పెడతారు. లోపల పెట్టే నియమాల కాగితం కూడా ఆ ప్రాంతాల ఆటకి సంబంధించిందే ఉంటుంది. దానితో వచ్చే తగువు సంగతి చివర్లో.

ఇక గుంట. పీట మంచి చెడ్డలన్నీ ఇక్కడే తేలతాయి. ఓమనగుంటలు ఆడేటప్పుడు చెయ్యి చేసే పని రెండే: పిక్కలు ఒక్కొక్కటిగా వదలడం, గుంటలో ఉన్నవన్నీ ఒక్క ఊపున ఊడ్చి ఎత్తడం. వదలడం ఎవరికైనా సులువే. కీళ్లు పట్టేసిన వేళ్లకి కష్టమంతా ఊడవడంలో ఉంటుంది. మిషను మీద తొలిచిన పీటల్లో గుంట అడుగు బల్లపరుపుగా, గోడలు నిటారుగా ఉంటాయి. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది కానీ, ఊడ్చేసరికి రెండు పిక్కలు గోడ మూలలో ఇరుక్కుంటాయి. వాటిని గోటితో పెకలించాలి. మనవడు పెకలిస్తాడు. మామ్మ మాత్రం నాలుగో చేతికే (చెయ్యి అంటే ఒకసారి ఆడే వంతు) ‘నాకు నిద్రొస్తోంది’ అని లేచిపోతుంది. నిద్రేం కాదు, వేళ్లు నొప్పి.

గుంట గుంటగరిట అడుగులా ఉండాలి. అంచు నుంచి అడుగుదాకా ఒకటే వంపు, ఎక్కడా మూల రాకూడదు. పరీక్ష తేలిక. అయిదు చింతపిక్కలు వేసి, చూపుడువేలూ మధ్యవేలూ జతచేసి అవతలి అంచు నుంచి మీ వైపుకి ఒక్కసారి లాగండి. అయిదూ బొటనవేలి దగ్గరకి వచ్చేస్తే మంచి గుంట. ఒక్కటి మిగిలినా అది పద్నాలుగు గుంటల్లోనూ మిగులుతుంది, ప్రతి చేతిలోనూ మిగులుతుంది.

కొలత సంగతి. గుంటకి 5 పిక్కలు పోసి ఆడే రకంలో మొత్తం 70 పిక్కలు. మీ వైపు ఎడమ చివరి గుంటని ఒకటి అనుకుని, కుడివైపుగా ఏడుదాకా, అక్కణ్ణుంచి ఎదుటివాళ్ల వైపు తిరిగి ఎనిమిది నుంచి పద్నాలుగుదాకా లెక్కపెట్టుకోండి. ఒకటో గుంటలో 5 తీసి 2 నుంచి 6 దాకా వదలాలి. చివరి పిక్క పడ్డ గుంట పక్కది, అంటే 7, ఎత్తాలి. అవి 8 నుంచి 12 దాకా వెళ్తాయి. తర్వాత 13 ఎత్తితే 14, 1, 2, 3, 4. తర్వాతది 5. అందులో ఇప్పుడు 6 ఉంటాయి, అవి 6 నుంచి 11 దాకా. తర్వాత 12 ఎత్తాలి, అందులోనూ 6 ఉంటాయి. 13, 14, మళ్లీ 1, 2, 3, 4. పక్కనున్న 5 ఖాళీ. ఖాళీ గుంటని వేళ్లతో తుడిచి, దాని పక్కది, అంటే ఆరో గుంట, ఎత్తుకోవాలి. అందులో 7 పిక్కలుంటాయి. చెయ్యి అయిపోయింది.

కొత్త పీట రాగానే ఈ ఒక్క చెయ్యి ఆడి చూడండి. 27 పిక్కలు వదులుతారు, గెలుపు గుంట కాక 5 సార్లు గుంట ఊడుస్తారు, పీట గుణం మొత్తం తెలిసిపోతుంది. చివర్లో 7 రాకపోతే తప్పు పీటది కాదు, ఎక్కడో రెండు పిక్కలు కలిసి జారాయి. పిల్లలకి ఇక్కడో తమాషా కూడా ఉంది. అన్ని గుంటల్లో సమానంగా ఉన్నప్పుడు ఎక్కణ్ణుంచి మొదలెట్టినా మొదటి చేతికి వచ్చేది 7 పిక్కలే. గుంటకి 4 చొప్పున పోసి ఆడే ఇళ్లలో అది 6. ఎందుకలా అని మనవరాలు అడిగితే తాతగారు పీటని అటూ ఇటూ తిప్పి చూపిస్తే చాలు, మొదట్లో అన్ని గుంటలూ ఒకటే కదా.

ఆ చెయ్యి అయ్యేసరికి 2, 3, 4 గుంటల్లో ఎనిమిదేసి పిక్కలు చేరతాయి. ఆట ముదిరాక పన్నెండు, పదిహేను కూడా చేరొచ్చు. అందుకే గుంట అడ్డం రెండు అంగుళాలు, లోతు ముప్పావు అంగుళం ఉండాలి. మడత పీటల్లో తరచూ ఒకటిన్నర అంగుళం అడ్డం, అరంగుళానికి లోపు లోతు కనపడుతుంది. పైగా అందంగా ఉంటుందని పిక్కల బదులు గవ్వలు ఇస్తారు. గవ్వ చింతపిక్క కంటే చాలా చోటు తింటుంది. ఎనిమిది గవ్వలు పడేసరికి గుంట నిండి కుప్పవుతుంది, తొమ్మిదోది పక్క గుంటలోకి దొర్లుతుంది. దొర్లింది ఎవరిది అన్నది తేలక ఆట ఆగిపోతుంది. గవ్వలు తీసి అష్టాచెమ్మాకి దాచండి, ఓమనగుంటలకి చింతపిక్కలే.

చింతపిక్కలు కొనక్కర్లేదు. వేసవి మొదట్లో కొత్త చింతపండు పిక్క తీసేటప్పుడు ఓ వంద ఏరి పెట్టుకుంటే చాలు. ఆటకి 70, మంచం కిందకి పోయేవాటికి 30. నీళ్లలో వేసి చూడండి, తేలినవి పుచ్చువి, పారేయండి. నానబెట్టొద్దు, ఉబ్బి పైపొర లేచిపోతుంది. తడిగుడ్డతో గుజ్జు తుడిచేసి రెండు రోజులు ఎండలో పెట్టాలి. గుజ్జు మిగిలితే మన వానాకాలం తేమకి తెల్లటి బూజు పడుతుంది, పిక్కలు ఒకదానికొకటి అంటుకుంటాయి. మెరుస్తాయని నూనె రాయడం ఇంకో పొరపాటు. వేళ్లలోంచి రెండేసి జారతాయి.

ఒక హెచ్చరిక. కొన్ని సెట్లలో ఎర్రగా మెరుస్తూ ఒక చివర నల్ల మచ్చ ఉన్న గురివింద గింజలు వస్తున్నాయి. అవి విషం. నమిలినా, పగిలిన గింజ కడుపులోకి వెళ్లినా ప్రమాదం. పిల్లలాడే పీట మీద వాటికి చోటు లేదు. చింతపిక్కలైనా మూడేళ్లలోపు పిల్లల ముందు పొయ్యకండి. మింగితే గొంతుకి అడ్డం పడుతుంది. ముక్కులో పెట్టుకుంటే తేమకి ఉబ్బుతుంది; ఇంట్లో పిన్నీసుతో తియ్యబోతే ఇంకా లోపలికి పోతుంది, తిన్నగా డాక్టరు దగ్గరకే.

రంగు గురించి ఎవరూ పట్టించుకోరు. శుక్లాలు వచ్చిన కంటికి ముదురు గోధుమరంగు పాలిష్ మీద ముదురు గోధుమరంగు పిక్క కనపడదు. ఖాళీ గుంట ఏదో, ఒక్క పిక్క ఉన్న గుంట ఏదో తెలియకపోతే ఈ ఆటలో ఏం మిగులుతుంది? రోజ్‌వుడ్ ఫినిష్ అని రాసి ఉంటే దాటేయండి. పసుపుపచ్చగా ఉండే పనస చెక్క, లేదా రంగు పులమని టేకు మీద పిక్క స్పష్టంగా కనపడుతుంది.

ఇప్పుడు వడ్రంగి దగ్గరకి. ఏకచెక్క పీట చేయించడానికి ఇవ్వాల్సిన కొలతలివి: పొడవు 18 అంగుళాలు, వెడల్పు 6, మందం ఒకటిన్నర. రెండు వరుసల్లో ఏడేసి గుంటలు, ఒక్కోటి రెండంగుళాల అడ్డం, గుంటకీ గుంటకీ మధ్య అరంగుళం. పొడవులో ఏడు గుంటలకి 14 అంగుళాలు, ఎనిమిది సందులకి 4, సరిగ్గా 18. టేకుతో చేస్తే బరువు కిలోన్నర దాకా వస్తుంది. ఊడ్చేటప్పుడు పీట కదలకుండా ఉండడానికి ఈ బరువు కావాలి. తేలిక పీటని ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో ఆడాలి. గెలిచిన పిక్కలకి రెండు చివర్లా పెద్ద గుంటలు చెక్కిస్తే పీట రెండడుగులు దాటి పిల్లల ఒడిలో ఇమడదు. రెండు స్టీలు గిన్నెలు చాలు.

డ్రిల్లుతో తొలిస్తే పని త్వరగా అవుతుంది, కానీ అడుగు చదునుగా వచ్చి మధ్యలో బిట్టు గుచ్చిన చుక్క మిగులుతుంది. సగం లోతు డ్రిల్లుతో తీసి, మిగతాది గుండ్రటి ఉలితో వంపు తెమ్మని చెప్పండి. గుంటగరిట ఒకటి పట్టుకెళ్లి చూపిస్తే వాదన ఉండదు. లోపల 120 నెంబరు గరుకు కాగితం, తర్వాత 220. గుంట అంచు వేలికి పదునుగా తగలకూడదు, కొంచెం గుండ్రం చేయించాలి. ముసలి చర్మం పల్చన, ఊడ్చినప్పుడల్లా అంచు గీరుకుంటుంది. అడుగున చదును ఉందో లేదో గచ్చు మీద పెట్టి నాలుగు మూలలూ నొక్కి చూడండి. ఊగితే అక్కడికక్కడే చిత్రిక పట్టించాలి.

చెక్క ఎక్కణ్ణుంచి? మంచి మాట ఇక్కడ చెప్పాలి. కోనసీమలోనూ భీమవరం, నరసాపురం పక్కనా పాత మండువా లోగిళ్లు విప్పేసేటప్పుడు ద్వారబంధాలు, దూలాలు, వాసాలు లాటుగా అమ్మేస్తారు. ఆ గుమ్మం చెక్కలో అడుగున్నర ముక్క ఒక్కటి ఆపుకోండి. మనవలకి ఆ ఇల్లు ఫొటోలో తప్ప తెలియదు. అమ్మమ్మ పెళ్లికూతురిగా దాటిన గుమ్మం మీద ఆడుతున్నారని చెప్పుకోవడానికి బావుంటుంది, సరే. అసలు లాభం వేరే ఉంది. దశాబ్దాలు ఆరిన టేకు ఇక వంగదు, పగలదు. డిపోలో కొన్న కొత్త చెక్క పచ్చిదైతే ఒక్క ఎండాకాలానికే విల్లులా లేస్తుంది. పాత చెక్కలో ఒకటే ఇబ్బంది, మేకులు. తోరణాలు కట్టడానికి కొట్టిన చిన్న మేకులు తల విరిగి లోపలే ఉండిపోతాయి, ఉలి అంచు ఎగిరిపోతుంది. చెక్క అప్పగించే ముందు అయస్కాంతం ముక్కతో పైనుంచి కిందకి తడమండి. అతుక్కున్న చోటల్లా సుద్దతో గుర్తు పెట్టండి. రంగులు పొరలు పొరలుగా ఉంటే గీకించి కొత్త చెక్క తేలేదాకా చిత్రిక పట్టించాలి, పాత పెయింట్లలో సీసం ఉండొచ్చు. గీకే పని పిల్లలు లేని చోట చేయించండి.

పాత చెక్క లేకపోతే పనస. మామిడి చెక్క చవక, కానీ పుచ్చు పడుతుంది. ఆరు నెలలకి పీట కింద పిండి రాలుతుంటే అదే. తేలిగ్గా దొరుకుతుందని కొబ్బరి మొద్దు వాడబోయేవాళ్లున్నారు. కొబ్బరి పీచు ఉలికి ముళ్లుముళ్లుగా లేస్తుంది, గుంట లోపల నునుపు రాదు. ఎండీయెఫ్ అట్టతో (చెక్కపొట్టు అదిమి చేసే పలక) చేసినవి నీటి గ్లాసు ఒక్కటి ఒలికితే ఉబ్బుతాయి.

పైపూతగా కొబ్బరినూనె రాసేవాళ్లు చాలామంది. కొన్నాళ్లకి కమురు వాసన, దాని మీద దుమ్ము, దాని వెనకే చీమలు. తేనెమైనం పల్చగా రుద్ది గుడ్డతో తుడిస్తే చాలు. వార్నిష్ వేయిస్తే పూత పల్చగా ఉండాలి, ముసురు పట్టిన రోజుల్లో వేయించకూడదు. తేమలో వేసిన వార్నిష్ వారానికి కూడా జిగురు వదలదు, పిక్కలు గుంటకి అతుక్కుంటాయి.

మడత పీటకి వద్దాం. వెయ్యి రూపాయలకి అటూ ఇటూ దొరుకుతుంది. పుస్తకంలా మూస్తే పెట్టె, తెరిస్తే పీట, పిక్కలు లోపలే ఉంటాయి. హైదరాబాదు నుంచో అమెరికా నుంచో వచ్చిన పిల్లలు తిరిగి వెళ్లేటప్పుడు సూట్‌కేసులో పెట్టుకోవడానికి ఇదొక్కటే దారి, ఆ మేరకి మెచ్చుకోవాలి. లోపాలు మూడు. బందుల దగ్గర రెండు వరుసల మధ్య సన్నటి సందు ఉంటుంది, పిక్క అందులో నిలువుగా దిగిపోతుంది. బందులు ఇనుపవైతే అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి ఏడాదిలోపే తుప్పు; ముందే ఇత్తడివి వేయించేసుకోండి, స్క్రూలు కూడా ఇత్తడివే. చిన్న కొక్కెం ప్రయాణంలో ఊడి పిక్కలన్నీ బట్టల్లో పడతాయి, గుడ్డ సంచిలో వేసి తాడు బిగించాలి. కొనే ముందు ఫొటోలో గుంట అడుగు వంపుగా ఉందో చదునుగా ఉందో చూడండి. కనపడకపోతే కొన్నవాళ్లు పెట్టిన ఫొటోలు వెతకండి. చదును అని తేలితే ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు.

అష్టాచెమ్మా గుడ్డ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అయిదు గళ్ల అడ్డం, అయిదు గళ్ల నిలువు. నాలుగు వైపులా మధ్య గడిలో ఇంటూ గుర్తు, నట్టనడుమ ఇంకోటి. ఒక గుడ్డ మీద గుర్తులు మూలల్లో అచ్చు వేసి ఉన్నాయి, దాని మీద ఆట సాగదు; ఎవరి ఇల్లు ఎక్కడో తెలియదు. గుడ్డ మీద వేసిన గవ్వ దొర్లదు కూడా, మడతలో ఒరిగి నిలబడుతుంది. ఎర్రగచ్చు ఉన్న ఇంట్లో సుద్దముక్కతో మూడంగుళాల గళ్లు గీస్తే పదిహేను అంగుళాల పటం రెండు నిమిషాల్లో తయారు. కొత్త ఇళ్లలో నున్నటి టైల్స్ మీద సుద్ద అంటదు, అక్కడ పెయింటర్లు వాడే కాగితపు టేపు అతికిస్తే పండగ నాలుగు రోజులూ ఉంటుంది, తర్వాత మరక లేకుండా వచ్చేస్తుంది.

డబ్బు పెట్టాల్సింది గవ్వల మీద. నాలుగు గవ్వలు. నాలుగూ నోరు పైకి పడితే చెమ్మ, అంటే 4. నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే 8. గవ్వ రెండు వైపులా సమానంగా పడితే పదహారు పందేల్లో సగటున ఒకసారి అష్ట, ఒకసారి చెమ్మ, ఆరుసార్లు రెండు రావాలి. ప్లాస్టిక్ గవ్వలు తేలిక, ఎగిరి మంచం కిందకి పోతాయి. సముద్రతీరంలో అమ్మే అసలు గవ్వల్లో కూడా వీపు మరీ ఉబ్బుగా ఉన్నవి ఒకే వైపుకి మొగ్గుతాయి. కొన్నాక నలభై పందేలు వేసి రాసుకోండి. అష్ట ఒక్కసారీ రాకపోతే గవ్వలు మార్చండి, లేదా వీపుని సానరాయి మీద తడిపి కాస్త అరగదియ్యండి. నాలుగూ ఒకే సైజు, ఒకే అరుగుదల. గవ్వ దొరక్కపోతే చింతపిక్కని బండ మీద రుద్ది ఒక వైపు తెల్లగా తేల్చడం ఉండనే ఉంది. ఎక్కువ రుద్దితే రెండు ముక్కలవుతుంది, తెలుపు నిండుగా కనపడగానే ఆపాలి.

గవ్వలని గుప్పిట్లో గిలకరించడం చేతకాని పెద్దవాళ్లకి చిన్న స్టీలు గ్లాసు ఇవ్వండి. గ్లాసులో కలిపి బోర్లిస్తే మణికట్టు మీద భారం ఉండదు, చప్పుడు కూడా బావుంటుంది. చెవి కాస్త మందమైన తాతగారికి పందెం పడిందని ఆ చప్పుడే చెబుతుంది.

అయిదాటల పెట్టెలో ఓమనగుంటలు, అష్టాచెమ్మా, పులి-మేక, దాడి (మూడు కాయలు వరసలో పేర్చే ఆట), పాములు-నిచ్చెనలు ఉంటాయి. ఇన్ని ఒక పెట్టెలో ఇమిడించాలంటే ప్రతిదీ కుదించాల్సిందే, ఆ కుదింపే దీన్ని చెడగొట్టింది. పులి-మేకలో 23 కూడళ్లుంటాయి, 3 పులులు, 15 మేకలు. పులి మేక మీంచి దూకాలంటే గీత తిన్నగా ఉండాలి, అవతలి కూడలి ఖాళీగా ఉండాలి. పెట్టె మడత సరిగ్గా గీతల మీదుగా వెళ్లడం వల్ల రెండు గీతలు తెగి ఎక్కడికి పోతున్నాయో తెలియదు. కాల్చి గీసిన సన్నటి గోధుమరంగు గీత గోధుమరంగు చెక్క మీద పెద్ద కళ్లకి ఆనదు. పులులకీ మేకలకీ రంగులో చిన్న తేడా తప్ప ఆకారం ఒకటే. దాడి పటంలో గీతలు బాగానే ఉన్నాయి, 24 కూడళ్లూ ఉన్నాయి, కానీ మనిషికి 9 కాయలు కావాల్సిన ఆటకి ఇచ్చినవి అగ్గిపుల్ల తలంత ఉన్నాయి. ఈ రెండు ఆటలూ కావాలనుకుంటే చార్టు కాగితం మీద నల్ల స్కెచ్‌పెన్నుతో అడుగు పొడవున గీసుకోండి. పులులకి మూడు గవ్వలు, మేకలకి పదిహేను చింతపిక్కలు. తడిమినా తేడా తెలుస్తుంది.

ఎత్తు గురించి. నేల మీద కూర్చుని ఆడడం చూడముచ్చటే కానీ మోకాళ్లు అరిగినవాళ్లు కూర్చోగలరు, లేవలేరు. మంచం మీద పరుపు కుంగి పీట ఒక పక్కకి ఒరుగుతుంది, పిక్కలు పల్లానికి చేరతాయి. పెద్దవాళ్లు వీధి అరుగు మీద కాళ్లు కిందకి వేలాడేసి, పీట పక్కన పెట్టుకుని, పిల్లలు అవతల బాసింపట్టు వేసుకుంటే ఇద్దరికీ సరిపోతుంది. అరుగు లేని ఇంట్లో ప్లాస్టిక్ స్టూలు మీద పీట, చెరో వైపు కుర్చీ. స్టూలు ఎత్తు మోకాలికి మించితే పిల్లవాడి భుజం నొప్పెడుతుంది.

చివరగా నియమాల కాగితం. కొన్న పీటల్లో అన్నిటికంటే పనికిరానిది ఇదే. మనవడు కాగితం చదివి ‘ఇలా ఆడాలట’ అంటాడు, మామ్మ ‘మా ఇంట్లో అలా లేదు నాన్నా’ అంటుంది. ఇద్దరూ నిజమే. ఈ ఆట ఊరూరికీ, ఇంటింటికీ మారుతుంది, పైన చెప్పిన రకం కూడా అనేక రకాల్లో ఒకటి. కాగితం పక్కన పడేసి పిల్లల చేత మామ్మని ఇవి అడిగించి రాయించండి. గుంటకి ఎన్ని పిక్కలు పొయ్యాలి? చివరి పిక్క పడ్డాక పక్క గుంట ఎత్తాలా, పడిన గుంటే ఎత్తాలా? ఖాళీ తుడిచాక పక్క గుంట ఒక్కటేనా, దాని ఎదుటిది కూడా వస్తుందా? మధ్యలో ఒక గుంటలో నాలుగు కూడితే అవి ఎవరివి? రెండు ఖాళీలు వరసగా వస్తే? రెండో ఆటకి పిక్కలు చాలనివాళ్లు గుంటలు మూసుకోవాలా, ఎదుటివాళ్లు అప్పిస్తారా? ఎత్తబోయే ముందు గుంటలో ఎన్నున్నాయో వేళ్లతో లెక్కపెట్టుకోవచ్చా, కళ్లతోనే చూడాలా? ఎక్కువ తగువు వచ్చేది ఈ ఆఖరిదాని మీదే.

జవాబులు పీట అడుగున రాయించండి. ఒట్టి చెక్క మీద మార్కర్ పెన్నుతో రాస్తే సిరా నారల వెంట పాకి అక్షరం అలుక్కుపోతుంది. ముందు ఒక చెయ్యి వార్నిష్ వేసి, రెండు రోజులు ఆరనిచ్చి, అప్పుడు రాసి, మీద ఇంకో చెయ్యి పల్చగా వెయ్యాలి. రెండో పూత కుంచెతో రుద్దకూడదు, సిరా కరుగుతుంది. ఒకే వైపుకి ఒక్కసారి లాగి వదిలెయ్యాలి. అక్షరాలు పిల్లలవే ఉండనివ్వండి, వంకరైనా సరే. అమ్మమ్మగారి ఇంటి నియమమూ మామ్మగారి ఇంటి నియమమూ వేరైతే రెండూ రాయండి, పద్దెనిమిది అంగుళాల చెక్క మీద చెరో సగం చోటు ఉంటుంది.